కుప్పమ్మక్క గోడలో గూడు

“అవ్వా, ఈ నడిగోడలో ఇంత బొక్క ఎందుకుండాది? మేస్త్రీ పూడ్చేద్దామంటా ఉండాడు.”

పూడ్చేదా? వాణ్ణి ముందు ఆ తాపీ కింద పెట్టమను. ఆ బొక్క మీద ఎవురి చెయ్యన్నా పడిందంటే నేను గమ్మునుండను, ఆఁ.

నా మాటలు పట్టే ఆ టేపు డబ్బా తిరగతా ఉండాదా? తిరగనీ. ఇట్ల కూచో, కాళ్ళు సాపుకో. నువ్వు ఇల్లంతా కొత్తగా సేయించుకుంటా ఉండావు, సంతోషమే. కానీ ఆ రంగుల పుస్తకం ఒళ్ళో పెట్టుకోని సోఫా ఈడ, అద్దం ఆడ అని నువ్వు సూపిస్తా ఉంటే, నాకు కుప్పమ్మక్క కండ్ల ముందర నిలబడతాది. ఆమె కాడా ఇట్లాంటి పుస్తకమే ఉండె. నా కడుపు మండిందీ దాంతోనే, ఈ బొక్క పడిందీ దాంతోనే.

కుప్పమ్మక్క నా తోడికోడలు. మీ తాతకు అన్న పెండ్లాం. అప్పుడు ఇది ఒకటే ఇల్లు. అన్నదమ్ములు పాలు పంచుకున్నాక ఈ గోడ లేపినారు. ఆ పక్క వాళ్ళు, ఈ పక్క మేము. ఇటికలు మీ తాత తెచ్చినాడు, బంకమట్టి వాళ్ళు తెచ్చినారు... కాదు కాదు, మట్టీ మేమే తెచ్చినాము, నాకు బాగా గుర్తుండాది, నా నెత్తి మీదనే మోసినాను.

యుద్ధం జరిగే కాలం అది. కిరసనాయిలుకు కూడా వరసలో నిలబడాల. మా బావ, అదే కుప్పమ్మక్క మొగుడు, చిత్తూరులో ఒక దొర బంగళాలో వంట సేస్తా ఉండె. ఎప్పుడో ఒకసారి మన వడమాలపేటకు వచ్చి పోతాడు. ఆ దొర వాళ్ళ దేశానికి ఎళ్ళిపోతా, పాత సామాన్లు పనోళ్ళకు పంచినాడు. ఒకడికి కుర్చీ, ఒకడికి గొడుగు. మా బావకు ఒక పాత పుస్తకాల కట్ట. ఆ దొర నాయన తెప్పించుకున్నవంట, నెల నెలా వచ్చేవంట. కథలు కాదు, పాటలు కాదు మే, ఇండ్లు! మిద్దె ఎట్ల కట్టాల, గదిలో ఏది యాడ పెట్టాల, గోడకు ఏ పటం తగిలించాల. “ఇల్లు సర్దుకునేదానికి కూడా పుస్తకమా?” అని మీ తాత పడీ పడీ నవ్వినాడు.

బావ పొట్లాలు కట్టుకోను పనికొస్తాయని తెచ్చినాడు, పాపం. కుప్పమ్మక్క వాటిల్లో బాగున్న ఒకదాన్ని తీసి పసుపుగుడ్డలో సుట్టి పెట్టుకున్నింది.

ఇంగ సూడు ఆమె ఆర్భాటం. బొమ్మలో కిటికీకి తెర ఉండాదని పెండ్లిచీర సించి తెర కట్టింది. బొమ్మలో బల్ల మీద జాడీ, జాడీలో పొడుగు పూలు ఉండాయని, ఊరగాయ జాడీ కడిగి ఏటి గట్టు మీది రెల్లు కంకులు కుచ్చింది. ఆ బొమ్మలు ఉత్త నలుపూ తెలుపే గదా, గోడ రంగు ఏందో ఎవురికి తెలుసు? ఆమె నీలిమందు కలిపి పూసేసింది. ఊళ్ళో ఆడోళ్ళంతా నా వాకిలి ముందర నుంచే పోయి సూసి, మళ్ళా నా వాకిలి ముందర నుంచే వస్తారు. “ఏమ్మే, మీ అక్క గది సూస్తివా? దొరసాని గది మాదిరుండాది!” అని నాకే సెప్పి పోతారు.

నాకు ఎట్లుంటాది సెప్పు? అమ్మా నాయనా లేనిదాన్ని. నీ అంత కూడా లేనప్పటినుంచే తిరుపతిలో సత్రాలు కట్టే కాడ సున్నం మోసినాను. సున్నం కొరికేసి నా చేతి యేళ్ళ సందులు పుండ్లు పడినాయి. గార ఎట్ల మెత్తగా రుబ్బాల, ఎట్ల నునుపు తేల్చాల, అంతా నా చేతికి తెలుసు. నేను మెరుగు పెట్టిన గోడల మధ్య ఎవురెవురో పడుకున్నారు. ఆమె ఒక్క తట్ట మోయలేదు, ఆమెకు దొరసాని గది కావాల్నా?

సరే, గూడు సంగతి. ఆ పుస్తకంలో ప్రతి గదిలోనూ గోడలో ఒక పెద్ద గూడు ఉండాది. పైన అరుగు మాదిరి, దాని మీద గడియారం, అటూ ఇటూ కొవ్వొత్తులు. బావ సెప్పినాడు, “అది చలికి మంట పెట్టుకునే పొయ్యి మే. దొర ఉన్నప్పుడు నాకు సెప్పినాడు గదా.” కుప్పమ్మక్క ఇంటాదా? “పొయ్యి మీద ఎవురన్నా గడియారం పెడతారా? కొవ్వొత్తులు ఎలిగిస్తారా? అది దేవుడి గూడే. బొమ్మ తీసేటప్పుడు దేవుణ్ణి పక్కన పెట్టుంటారు.” నగరి నుంచి మేస్త్రీ వచ్చినాడు, ఈ నడిగోడలోనే ఆ పక్క గూడు తొలిచినాడు. దాంట్లో ఎంకటేస్పరసామి పటం పెట్టి, అటొక దీపం ఇటొక దీపం. దొరల చలిపొయ్యిలో మన సామి! నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. బాగుండె మే, అదీ నా మంట. నిజంగా బాగుండె.

అంతవరకూ ఓర్చుకుంటిని. కానీ మీ అమ్మ ఉండాదే, అప్పుడు అడుగులేసే పసిపిల్ల, అది పొద్దస్తమానం ఆ గూట్లోనే. సామి పటం పక్కన కాళ్ళు ముడుసుకోని కూచుంటాది. కుప్పమ్మక్కకు బిడ్డల్లేరు. ఆ బొమ్మల పుస్తకం ఇప్పి, ఇది దొరసాని మంచం, ఇది దొర కుక్క అని సూపిస్తా అన్నం పెడతాది. నేను ఈ పక్క గిన్నె పట్టుకోని కూచుంటే గోడలోంచి నా బిడ్డ నవ్వు వినపడతాది. పిలిస్తే రాదు. “మనింట్లో గూడు లేదు” అనింది ఒకరోజు. ఆ మాట... ఆ మాట నాకు గడ్డపార మాదిరి దిగింది.

గూడే కావాలంటే నేనూ తొలుస్తాను, దానికంటే పెద్దది తొలుస్తాను అనుకున్నాను. తిరుచానూరులో అమ్మవారి పంచమితీర్థానికి తెల్లారకముందే ఊరంతా బండ్లు కట్టింది. నాకు జ్వరమని సెప్పి మంచమెక్కినాను. మీ తాత, కుప్పమ్మక్క, దాని సంకలో నా బిడ్డ, అందరూ పోయినారు. బండ్లు మలుపు తిరిగేదాకా ఉండి లేసినాను. వాకిట్లోంచి ఎదురుగ్గా కనపడే తావు సూసుకోని పొడిసినాను. గోడకు ఆ పక్క అదే తావులో ఆమె గూడుండాదని నాకు తెలీదా? తెలుసు. కుళ్ళుతో గడ్డపార పట్టినదానికి గోడ మందం యాడ గుర్తుంటాది? పొడిసినాను, పొడిసినాను. ఉన్నట్టుండి గడ్డపార నా చేతుల్లోంచి లోపలికి జారింది. ఆ పక్కన గళ్ళుమని అద్దం పగిలింది. సామి బోర్లా పడినాడు.

పొద్దుగూకే ఏళకు వచ్చినారు. నేను ఈడనే కూచోనుండాను, ఒళ్ళంతా మన్ను. ఆ పక్క కుప్పమ్మక్క మొగం కనపడింది బొక్కలోంచి.

“ఏం సేస్తివే చెల్లీ!”

“నా గోడ, తవ్వుకున్నాను.”

“నీది సగమే.”

“నా బిడ్డ సగం కాదు గదా! దాన్నెందుకు లాక్కుంటా ఉండావు, నీ తెరలూ నీ జాడీలూ సూపించి? ఊరంతా మెచ్చుకుంటే సాల్లేదా నీకు?”

ఆమె అరుస్తాది అనుకున్నాను. అరిస్తే నేనూ అరిసుందును. ఆమె మెల్లింగా అనింది, “ఊరోళ్ళకా నేను ఇదంతా సేసింది? ఆ తెర ఎనకాల దాక్కునేది దానికి ఇష్టం. ఆ గూడు దాని ఎత్తుకు కొలిసి తొలిపించినాను. ఇవేమీ లేకుంటే నీ బిడ్డ నా గడప తొక్కుతాదా చెల్లీ? నీకు ఊరికే వస్తాది. నాకు ఊరికే రాదు.”

అబద్ధం సెప్పను, నాకు జాలి పుట్టలేదు. ఇంకా మండింది. నా బిడ్డకు ఏది ఇష్టమో ఈమెకు తెలిసి నాకెందుకు తెలీలేదు అని. అంతలో మీ అమ్మ ఆమె సంక దిగి, బొక్కలో దూరి, మోకాళ్ళ మీద పాక్కుంటా వచ్చి నా ఒళ్ళో పడింది. కిలకిలా నవ్వి, మళ్ళా ఆ పక్కకు పాకింది. మళ్ళా ఈ పక్కకు. దానికి అంత సంబరం నేను అంతకుముందు సూడలేదు.

మర్నాడు పూడ్చేదానికి గార రుబ్బినాను. బొక్కలో నా బిడ్డ కూచోనుండాది, దిగితే గదా! ఆ పక్క కుప్పమ్మక్కా సున్నం తట్టతోనే నిలబడుండాది. నేను ఆమెను సూసినాను, ఆమె నన్ను సూసింది. ఇంగేం సేస్తాము? ఆమె పక్క అంచులు ఆమె, నా పక్క అంచులు నేను పూసుకుంటిమి. బిడ్డకు గీసుకోకుండా. ఏదీ, తడిమి సూడు. ఈ పక్కదే నునుపు, అవునా కాదా? సెప్పు మరి!

సామిని తూరుపు గోడకు మార్చినారు. మీ అమ్మ ఈ బొక్కలో కూచోని ఆ పక్క ఒక ముద్ద, ఈ పక్క ఒక ముద్ద తినింది. అక్క ముద్ద పెద్దది పెడతాది, నేను ఇంకా పెద్దది పెడతాను. అట్లనే పెరిగింది మీ అమ్మ, అందుకే అంత గట్టి మనిషి.

పుస్తకం చెద తినేసింది. బావా పోయినాడు, అక్కా పోయి శానా రోజులాయె. ఆమె పోయినాక నేను ఈ బొక్కలోంచి ఆ పక్కకు సూసినాను మే. గది ఆమె సర్దినట్టే ఉండె. అదంతా మనకే వచ్చింది. ఏం సేసుకోను? ఎవురి మీద కుళ్ళుకోను...

ఆ మేస్త్రీకి సెప్పు, అంచుల్లో పెచ్చులూడిన కాడ మాత్రం పూయమను. సల్లగా బతుకు తల్లీ. నీ గోడకు ఆ పక్క కూడా ఒక మనిషుండాల. నిన్ను సూసి కుళ్ళుకుంటానే, నీ బిడ్డకు నీకంటే పెద్ద ముద్ద పెట్టే మనిషి.