బానే ఉన్నా సార్

టెక్సస్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి ముందు ఆగిన ట్రక్కులో ఇద్దరు పాత సిపాయిలు. చేతికర్ర ఉన్న అతనికి ఇంకాసేపట్లో పింఛను కోసం వైకల్య పరీక్ష.

"ఒరేయ్, డాక్టరు ఎలా ఉన్నారంటే ఏమంటావ్?"

"బానే ఉన్నా సార్ అంటా."

"నీ మొహం! పోయిన రెండుసార్లూ ఆ మాటే రాసుకుని తొంభై శాతం దగ్గర ఆపేశారు కదరా!"

"అలవాటురా. తూటా తగిలినప్పుడు కూడా సార్జెంటుకి అదే చెప్పా."

"తెలుసు. నిన్ను మోసింది నేనే. ఎంత బరువున్నావో!"

"అయినా చెవిలో హోరుకి ఇంకో పది ఇస్తే నూరేగా?"

"వాళ్ళు మిగిలిన పదిలోనే పది శాతం కలుపుతారు, అంటే తొంభై ఒకటి. దాన్ని మళ్ళీ తొంభై చేస్తారు."

"వీళ్ళ లెక్క తగలెయ్య!"

"అందుకే అన్నీ చెప్పు. రాత్రిళ్ళు యుద్ధం కలలొచ్చి గడియ పెట్టుకుని బాత్‌టబ్బులో పడుకుంటావని కూడా."

"అది నీకెవడు చెప్పాడు?"

"నీ పెళ్ళాం. పో, టైమైంది."

గంట తర్వాత అతను కుంటుతూనే, ఈల వేసుకుంటూ వచ్చాడు.

"చెప్పావా?"

"అన్నీ చెప్పేశాన్రా! బాత్‌టబ్బు సంగతి దగ్గర ఏడ్చేశా కూడా. డాక్టరమ్మ రాసి రాసి ఇంకో కాగితం తీసుకుంది!"

"ఓహోయ్! అయితే నూరు ఖాయం! ఇప్పుడెలా ఉందిరా?"

"బానే ఉన్నా."

"ఏయ్!"

"ఒట్టురా. ఈసారి నిజంగానే."