సీసపు ఈటెలు – యెవ్రోసిమ గారి ముప్పై అయిదేళ్లు

1988 అక్టోబరు 3న మన మ్యూజియంలో పురావస్తు సంరక్షకురాలిగా చేరిన శ్రీమతి యెవ్రోసిమ గారికి తొలి వారంలోనే ఒక సందేహం పట్టుకుంది. దాన్యూబు ఒడ్డు కోటలో దొరికిన రోమన్ సైనికుల విసురు ఈటెలకు, ఇనుప మొన చెక్క కాడను కలిసే చోట, కోడిగుడ్డంత సీసపు బరువు ఉంది. దాన్ని విడిగా పోతపోసి తొడిగారా, కర్ర మీదే కరిగించి పోశారా? కాడలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. విడిగానే పోశారని తొలి నివేదికలో ఆమె రాశారు.

రెండేళ్ల తర్వాత, వలలకు సీసపు గుళ్లు పోసుకునే జాలరి జివోయిన్ గారు మ్యూజియానికి వచ్చి, ఆ ఈటెలను చూసి నవ్వారు.

"తొడిగితే నాలుగు విసుర్లకి ఊడొస్తుంది తల్లీ. కర్ర మీదే పోశారు."

"కర్ర కాలిపోదా బాబాయ్?"

"పై పొర మాడుతుంది, అంతే. నా పడవ గెడకి అడుగున సీసం ఎట్లా నిలిచిందనుకున్నావ్, మంత్రంతోనా?"

మర్నాడు ఆమె కర్ర తీసుకుని ఆయన పెరట్లోకి వెళ్లారు. మట్టి మూస కట్టి, కరిగిన సీసాన్ని గరిటెతో పోయబోతుండగా ఆయన ఆమె మోచేయి పట్టి వెనక్కి లాగారు.

"ఆగవే పిచ్చిదానా! వానకి తడిసిన కర్ర అది. పోశావంటే సీసం ఎగిరి కళ్లలో పడుద్ది. ఇంత చదివి తడీ పొడీ తెలీదా?"

రెండు రోజులు పొయ్యి పక్కన ఆరబెట్టాక పోశారు. చల్లారాక కోసి చూస్తే సీసం లోపల మసి, అందులో చెక్క చారలు. మ్యూజియంలోని పాత సీసాన్ని భూతద్దంతో చూస్తే అదే మసి, అవే చారలు.

ఆ సంగతి రాసిన వ్యాసం మన మ్యూజియానికి పేరు తెచ్చింది. కానీ జాలరి మాటంటే పండితులు నవ్వుతారని భయపడి, ఆమె "స్థానికుడొకరి సూచన మేరకు" అని మాత్రం రాశారు. ఆయన అలగలేదు. ఏటా ఆమె ఇంటి ఇలవేల్పు సెయింట్ నికోలా పండుగకు, అతిథులు తామే రావాలన్న మన ఆనవాయితీ ప్రకారం పిలవకుండానే వచ్చి, గుమ్మంలో నిలబడి కేకేసేవారు: "స్థానికుడొకరు వచ్చారమ్మా, చేప తెచ్చారు!"

ఇల్లంతా నవ్వేది, ఆమె తప్ప. మనిషికి చేసిన అన్యాయానికి దేవుడి ముందు దీపం పెట్టి క్షమాపణ అడిగితే సరిపోతుందా అని ఆమె పటం ముందు చాలాసేపు నిలబడేవారు.

2006లో విభాగాధిపతి అయ్యారు. చేతి తొడుగులు లేకుండా పురావస్తువుల పెట్టె ముట్టుకున్న డైరెక్టరు గారినే బయటికి పంపారు. అంతటి మనిషి, జివోయిన్ గారి పేరు చెప్పే ఈ ఒక్క మాట దగ్గర ఏళ్ల తరబడి వెనకాడారు.

గత నెల ఈటెలు పెట్టిన కొత్త గదికి ఫలకం రాస్తున్నప్పుడు, పండితుల పేర్లే ఉండాలని కమిటీ అంది. "అయితే ముందు నా పేరు తీసేయండి," అన్నారామె. కమిటీ దిగొచ్చింది.

ఎనభై ఏడేళ్ల జివోయిన్ గారిని చేయి పట్టుకుని నడిపించుకొచ్చి, ఆమే చదివి వినిపించారు: "ఈ ఈటెల తయారీ విధానాన్ని గుర్తించినవారు: జివోయిన్ బెలిచ్, జాలరి."

"క్షమించు బాబాయ్, చాలా ఆలస్యం చేశాను."

ఆయన అక్షరాల కింద వేలు పెట్టి, తనూ ఒకసారి కూడబలుక్కుని చదువుకున్నారు. టోపీ తీశారు.

"సమాధిరాయి మీద తప్ప మావాళ్ల పేరు ఎక్కడా రాయలేదే తల్లీ. నేను బతికుండగానే చూసుకున్నా. నువ్వు చల్లగా ఉండు. మోకాళ్లు జాగ్రత్త."

ఈ ముప్పై అయిదేళ్ల సందర్భంగా మన మ్యూజియం కుటుంబం కోరుకునేదీ అదే. నూరేళ్లు ఆరోగ్యంగా ఉండండి, యెవ్రోసిమ గారూ. మీ బాకీ తీరింది.