మూడేళ్ల గడువు

రెండో నెల పదో తేదీ. పెకింగ్‌లో సైనికుల కూతుళ్లను చక్రవర్తి అంతఃపురానికి ఎంచే రోజు. పొద్దున్నే తండ్రి కూతురికి జొన్నగంజితో గుప్పెడు పచ్చి వెల్లుల్లి తినిపించి పంపాడు. మునిమాపు వేళ ఆమె తిరిగొచ్చింది.

"వదిలేశారా, మళ్లీ రమ్మన్నారా?"

"కూర్చో నాన్నా, అలా గిరగిరా తిరగకు."

"ముందు చెప్పవే!"

"అంతఃపురం కాపలా చూసే ముసలి కంచుకి నా దగ్గరికొచ్చి ముక్కు మూసుకున్నాడు."

"అయ్యో! నిన్ను వద్దనాలనే వెల్లుల్లి తినిపించానని కనిపెట్టేశాడా?"

"ఆఁ. 'ఇంట్లో ఎవరున్నారమ్మా?' అన్నాడు. 'అమ్మ లేదు, నాన్నొక్కడే' అన్నాను. చక్రవర్తి ముందుకు పోనివ్వకుండా, నాకు జ్వరమని చెప్పి పంపేశాడు."

"జ్వరమంటే మూడేళ్లకి మళ్లీ పిలుస్తారే తల్లీ! చక్రవర్తి చూసి వదిలేదాకా నీకు పెళ్లైనా చెయ్యకూడదని చట్టం."

"చెయ్యకు. మూడేళ్లు నీ నస భరిస్తాలే."

వీధిలో గుర్రపు డెక్కల చప్పుడు వినబడింది. అది ఇల్లు దాటి పోయేదాకా తండ్రి రాజభటులేమోనని చెవి ఒగ్గి నిలబడి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.