ఈస్టర్ దాకా విప్పకూడని తాడు

మళ్ళీ అదే మాట. లోపలికొచ్చి టోపీ తీసిన దగ్గర్నుంచి ఇది మూడోసారి, ఐవర్. "క్షమించు వదినా, క్షమించు వదినా." ఇంకోసారి అన్నావంటే ఈ కాఫీ నీ పెట్టె మీద పోస్తాను. కూర్చో. మోంటానా రైలుకింకా రెండు గంటలుంది.

ఏడు వారాలు ఈ గడప తొక్కలేదు నువ్వు. మీ అన్న హాల్వర్‌ను పూడ్చిన రోజు కూడా చర్చి బయటే, బురదలో నిలబడ్డావు. నేను చూడలేదనుకున్నావా? మీ అమ్మ నిన్ను దాటుకుని, నీ వైపు తలైనా తిప్పకుండా పోయింది. అదీ చూశాను.

ఊరేమంటోందో నాకు తెలుసులే. ఐవర్ కట్టిన ముడి జారింది, హాల్వర్ ప్రాణం పోయింది. ఆ టోల్లెఫ్ ముసలాడైతే, "యుద్ధం చేసొచ్చాడట, తాడు కట్టడం చాతకాదు" అన్నాడట కదా. పక్కనున్నవాళ్ళు నవ్వారట కూడా.

ఏటా అక్టోబరులో తొలి మంచు పడగానే ఆ తాడు కట్టేది నువ్వేగా, ఈ వంటింటి తలుపు నుంచి పశువుల కొట్టం దాకా. మంచు తుఫాను లేస్తే సొంత చెయ్యి కనపడదు. ఆ తాడు పట్టుకునే పాలు పిండటానికి పోవాలి, పట్టుకునే రావాలి. ఈస్టర్ దాటేదాకా విప్పకూడదని మీ నాన్న పెట్టిన నియమం. ఈ డకోటాలో మార్చి ఎండను నమ్మొద్దనేవాడు.

నీ ముడి జారలేదు, ఐవర్.

ఉండు, లేవకు. చెప్పనీ. ఆపితే మళ్ళీ చెప్పలేను.

ఆ వారం ఎండెలా కాసిందో గుర్తుందిగా? మంచంతా కరిగి నీళ్ళయింది. చలికాలమంతా ముక్కిన ఈకల పరుపులు, దుప్పట్లు, పసిది రాగ్నా పక్కగుడ్డలు... ఇల్లంతా ఒకటే వాసన. ఆరేద్దామంటే ఇంకో తాడు లేదు. ఈ తాడు కిందేమో కొట్టం దారి, పేడ బురద. శనివారం పొద్దున కొట్టం వైపు ముడి విప్పాను. ఎంత బిగించావో, రెండు గోళ్ళు విరిగాయి. ఆ కొస తీసుకెళ్ళి కోళ్ళగూడు అవతల కంచె స్తంభానికి కట్టాను, ఎండ బాగా తగులుతుందని.

సాయంత్రం పరుపులు తీశాక మళ్ళీ కొట్టానికి కట్టేద్దామనుకున్నాను. పిల్ల ఏడ్చింది. ఆదివారం చర్చి, ఇంటికి చుట్టాలు. అంతే. అంతకంటే కారణమేమీ లేదు.

సోమవారం మధ్యాహ్నానికి తుఫాను లేచింది, కిటికీ అవతల లోకమే లేదు. నేను రొట్టెకు పిండి పిసుకుతున్నాను. హాల్వర్ కోటు గుండీలు పెట్టుకుంటూ అడిగాడు, "తాడుందిగా?"

"ఉంది" అన్నాను. వెనక్కి తిరిగైనా చూడలేదు.

అబద్ధం కాదు చూడు. తాడుంది. తలుపు పక్క కొక్కేనికి కట్టే ఉంది. అది ఎక్కడికి పోతుందని ఆయన అడగలేదు.

పిండి మీద గుడ్డ కప్పుతుంటే గుర్తొచ్చింది. తలుపు తీసి అరిచాను. పళ్ళెం తీసుకుని మోగించాను. అరుపును గాలి నా నోట్లోకే కుక్కింది. పిల్లను తొట్టిలో వదిలి, తాడు పట్టుకుని స్తంభం దాకా పోయాను. అక్కడెవరూ లేరు. ఆయనా అక్కడిదాకా వచ్చే ఉంటాడు. కొట్టం గోడ కోసం చేత్తో తడుముకుని ఉంటాడు. తర్వాత తాడు వదిలి ఎటు తిరిగాడో.

మూడు రోజులు. నాలుగో పొద్దున గాలి ఆగింది. మీరంతా పారలు పట్టుకుని రాకముందే బయటికెళ్ళాను. ఆయన్ను వెతకడానికనుకున్నావా? స్తంభం దగ్గర ముడి విప్పడానికి. విప్పి, ఆ కొసను కొట్టం వైపు మంచులో పడేసి వచ్చాను. నువ్వొచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, అక్కడే కూలబడ్డావు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నోరు తెరవలేదు.

నువ్వు కోపంతో పోతుంటే పోనిచ్చేదాన్ని. ఒట్టు. దారికి రొట్టెలు కట్టిచ్చి మరీ పంపేదాన్ని. నువ్వేమో వచ్చి నన్నే క్షమించమంటావు.

అలా చూడకు. తిట్టాలనుంటే తిట్టు.

మీ అమ్మ బయట బండిలోనే ఉందిగా? స్టేషన్ దాకా వస్తోంది, నీతో మాట్లాడదు. కూర్చో, నువ్వు చెబితే నమ్మదు. పోతూ పోతూ వదిన మీద నింద వేశాడంటుంది. నేనే చెప్పాలి.

ఆ శాలువా ఇలా ఇవ్వు. పిల్ల లేస్తే ఎత్తుకో. ఇల్లూ పొలమూ ఆవిడ పేరనే ఉన్నాయి. నేను మళ్ళీ ఈ వంటింట్లోకి రావాలో వద్దో ఆవిడే చెబుతుంది.