రోజుకి ఒక్క లీటరు

పేరు పైన రాసుకున్నారు. వయసు నలభై ఆరు. కర్టెన్ల దుకాణంలో కుట్టుపని చేస్తాను. నా భర్తకు నీళ్ళివ్వకుండా హింస పెట్టానని మా ఆడపడుచు ఇచ్చిన ఫిర్యాదు మీరు చదివి వినిపించారు. జరిగింది చెబుతున్నాను.

నా భర్త బస్సుల మెకానిక్. పోయిన నెల ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉండగా ఉన్నట్టుండి తికమకగా మాట్లాడారు. రక్తంలో సోడియం 135 పైన ఉండాల్సింది, 119 ఉంది. డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. నీళ్ళు వదలొద్దని మూత్రపిండాలకు చెప్పే హార్మోను ఒకటి ఉంటుందట. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అది రావాలి, తర్వాత ఆగాలి. ఈయనకు ఆగడం లేదు. తాగిన నీళ్ళు లోపలే ఉండిపోయి రక్తంలో ఉప్పు పలచబడుతోంది. "ఉప్పు తినక కాదమ్మా, నీళ్ళు ఎక్కువై. మెదడు ఉబ్బితే ఫిట్స్ వస్తాయి. టీ, పాలతో కలిపి రోజుకి ఒక్క లీటరు. పొద్దున్నే బరువు చూడండి" అంది.

ఇంటికొచ్చాక తమ్ముణ్ణి చూసుకుంటానని మా ఆడపడుచు వచ్చింది. నేను తొమ్మిదికి పనికి పోతే ఆరుకు వస్తాను. "ఉప్పు తగ్గితే ఉప్పునీళ్ళు పట్టాలి గానీ నోరు కట్టేస్తారా? ఎక్కడి వైద్యం ఇది?" అంది. డాక్టరమ్మ మాట చెప్పాను. సరేనంది. ఆయన దాహం, దాహం అనేవారు. ఐసు ముక్క నోట్లో పెట్టేదాన్ని. లీటరు దాటి నీళ్ళు ఇవ్వలేదు. ఆయన ముందు నేనూ తాగేదాన్ని కాదు.

సోమవారం ఆయన బరువు 61 కిలోలు. బుధవారం 63. తిండి సగం కూడా లేదు. తూకం పాడైందనుకుని దుకాణం నుంచి పది కిలోల బట్ట కట్ట తెచ్చి తూచాను. పదే చూపింది. ఆయన్ని అడిగాను. నా నెత్తిన చెయ్యి పెట్టి "నీ మీద ఒట్టు, నువ్విచ్చిందే తాగాను" అన్నారు. నమ్మాను.

గురువారం పదకొండున్నరకు పక్కింటావిడ ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి ఆయన నేల మీద కొట్టుకుంటున్నారు. మంచం కింద రెండు లీటర్ల సీసా, అడుగున గుక్కెడు మిగిలి ఉంది. నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా ఉంది. ఆసుపత్రిలో సోడియం 108 వచ్చింది. ఉప్పు మూత్రంలో పోయిందట, నీళ్ళు మాత్రం ఉండిపోయాయట.

ఆడపడుచు తెలియక పట్టింది. భయపడి నా మీద నెట్టింది. అదీ అర్థమవుతుంది. కానీ నిన్న ఆయనకు తెలివొచ్చాక మీరు అడిగితే "నా భార్య నీళ్ళివ్వలేదు" అన్నారట. నిజమే. "మరెవరైనా ఇచ్చారా" అంటే లేదన్నారట. ఇరవై రెండేళ్ళ కాపురం సార్. అక్కను కాపాడుకోవడానికి నమ్మించి నా గొంతు కోశారు.

నన్ను ఆసుపత్రిలో ఆయన గదిలోకి రానివ్వొద్దని మీరే చెప్పి పెట్టారు. ఆయన పక్కన ఇప్పుడు ఆవిడే కూర్చుంది. నన్ను ఎంతసేపైనా ఇక్కడ ఉంచండి. ముందు ఎవరినైనా పంపి ఆవిడ సంచిలో ఇంకో ఉప్పునీళ్ళ సీసా ఉందేమో చూడమనండి.

నేను చూసిందీ చేసిందీ విన్నదీ తప్ప ఇందులో వేరే ఏమీ చెప్పలేదు. చదివి వినిపించారు, సరిగానే ఉంది. మనిషిని పంపాకే ఈ సంతకం పెట్టాను. మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు.

(సంతకం)