ఆత్మారాం తొట్టిల రుబిస్కో

ఆత్మారాం నోరు తెరిసిండంటే భూమేష్ హోటల్ల చాయ్ చల్లారుడే. నిజామాబాద్‌ల ఏదో కాలేజీ ల్యాబుల ఇరవై ఏండ్లు అటెండర్ పని చేసి, రిటైరై రెంజల్‌కు వచ్చిండు. సీసాలు కడిగిన మనిషి. ఆయన మాటింటే మాత్రం సైన్సంతా ఆయన కడిగిన సీసాలనే పుట్టినట్టుంటది.

ఆ పొద్దు హోటల్ కిక్కిరిసి ఉన్నది. ఎదురుంగ ఎరువుల గోదాం, యూరియా లారీ ఇంక రాలే. తెల్లారంగనే వచ్చిన రైతులు చెప్పులు వరుసల పెట్టి, ఉత్తకాళ్లతోని నీడకొచ్చి కూసున్నరు. లింగవ్వ చెప్పులది నలభై మూడో నంబరు. ఆమె ఎనకనే ఎవ్వరియో నీలం హవాయి చెప్పులు, తెగిన పట్టెకు రాగితీగ చుట్టినయి. లింగవ్వది ఎకరంనర వరి, యూరియా లేక పసుపు పూసినట్టయింది. ఈ వారం మందు పడకపోతే ఈ యాసంగి గింజ ఇంటికి రాదని లింగవ్వకు ఒకటే గుబులు.

"ఎందుకు లింగవ్వా గీ ఎండల సచ్చుడు?" అన్నడు ఆత్మారాం, బెంచీ మీద కాలు మీద కాలేసుకొని. "మా ఇంటి ఎనక తొట్టిల నీలి నాచు పెంచుతున్న. ఒక్క బకెట్ పొలంల పొయ్యి, మళ్ల యూరియా బస్తా మొఖం జూడవు."

"నాచుల ఏముంటదన్నా?"

"రుబిస్కో!" అన్నడు, సొంత తమ్ముని పేరు చెప్పినట్టు. "గాలిల ఉండే బొగ్గుపులుసును పట్టి చక్కెర జేసే మిషిని. పెద్ద ముక్కలెనిమిది, చిన్న ముక్కలెనిమిది, అన్ని కలిపి ఒక్క ముద్ద. నా కండ్లతోని జూసిన."

లింగవ్వ 'నిజమేనా' అన్నట్టు పక్కన కూసున్న పిల్ల దిక్కు తిరిగింది. వాళ్ల బాపు తరఫున లైన్ల చెప్పులు పెట్టొచ్చిన నిరోష నిజామాబాద్‌ల డిగ్రీ చదువుతున్నది.

"కంటికి కనపడదు గని, లెక్క నిజమే చిన్నమ్మా," అన్నది నిరోష. "నాచుల చిన్న పెట్టె లెక్కుంటది. బొగ్గుపులుసును దాంట్లకు గుంజి, రుబిస్కోకు అందిస్తది."

"ఇన్నవా?" ఆత్మారాం ఛాతీ ఇరిసిండు. "గని ఈ రుబిస్కో వట్టి బద్దకపోడు. సెకనుకు పదో పన్నెండో బొగ్గుపులుసు నలుసులు పడతడు, గంతే. పైంగ మతిలేనోడు, బొగ్గుపులుసు తెమ్మంటే ఆక్సిజన్ పట్టుకొస్తడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా ల్యాబుల జ్యోతిరాణి మేడం తల పట్టుకొని, 'ఆత్మారాం, ఇగ నువ్వే చెప్పాలె వీనికి' అన్నది. భూతద్దం కింద పెట్టి కసిరిన. 'అరేయ్, ఎండంత తింటున్నవ్, పని చెయ్యవా?' అంటే తల దించుకున్నడు పాపం. తెల్లారి చూస్తే సెకనుకు వంద!"

"పన్నెండు దాంక నిజం," అన్నది నిరోష, "ఆ వంద..."

"వంద అంటే తక్కువ చేసి చెప్పిన బిడ్డా. వాని పెట్టెకు సందులున్నయి, ఆక్సిజన్ దూరుతున్నది. బీడీకట్టలకు గట్టే దారం లేదూ? దాంతోని పెట్టె బిగించి కట్టిన. ఇగ సూడు, సెకనుకు లక్ష!"

"లక్ష ఎట్ల లెక్కపెట్టినవన్నా?" అన్నడు భూమేష్, చాయ్ వడపోస్తూ.

"ఏళ్ల మీద. ఇప్పుడు బోధన్ బస్సు మా ఇంటి ముందటికెళ్లి పోతదా, దాని పొగ పైకి లేవది, సీదా నా తొట్టిలకే మలుగుతది. మా వాడకట్టుల బీడీ ముట్టిస్తే పొగ నోట్లకు రాకముందే మాయం, ముసలోళ్ల దగ్గులు బందైనయి, నాకు దండాలు పెడుతున్నరు. పోయిన వానకాలం ఒక్క చెంచెడు నాచు గట్టు మీద ఒలికింది. వరి ఎంత పెరిగిందో తెలుసా? గోదావరి అవతలి మహారాష్ట్రోళ్లు నిచ్చెనలేసుకొని కంకులు కోసిండ్రు! పైకెళ్లి 'కాయ్ భావ్, ధరెంత?' అని వాళ్లు అడుగుడు, కిందికెళ్లి నేను చెప్పుడు. ఇగో, మెడ ఇంక గుంజుతనే ఉన్నది."

హోటలంతా పొట్ట పట్టుకొని నవ్వింది. లింగవ్వ నవ్వలే. నిచ్చెనల ముచ్చట అబద్ధమని ఆమెకు ఎరికే. గని ఎనిమిదీ ఎనిమిదీ నిజమైంది, పన్నెండు నిజమైంది. తొట్టిల ఏదో ఉన్నదేమో! ఆమెకు నమ్మాలనే ఉన్నది.

"నాచుతోని నిజంగ బలమస్తదా బిడ్డా?"

"కొన్ని తీర్ల నాచు బలమిస్తది చిన్నమ్మా, గని దినాలు పడతయి. రుబిస్కో పట్టేది బొగ్గుపులుసును, యూరియా పని వేరు. ఈ వారానికైతే అక్కరకు రాదు."

"నిన్నమొన్న పుస్తకం పట్టిన పోరి నాకు చెప్పాల్నా?" కస్సుమన్నడు ఆత్మారాం. "పో లింగవ్వా, చెప్పులు తీసుకొని ఇంటికి పోయి బకెట్ పట్టుకరా. అందరు పోండ్రి, లైన్ ఖాళీ చెయ్యుండ్రి!"

లింగవ్వ లేసింది. లేసి, మీదికి ఊగుతున్న ఆత్మారాం పాదాన్ని జూసింది. దుమ్ము కొట్టుకపోయిన ఉత్తపాదం. బెంచీ కింద ఒంగి జూసింది. ఏం లేవు. అంటే ఈయన చెప్పులు గూడ లైన్లనే ఉన్నయి, తన ఎనక ఎవ్వరియో తెల్వని ఆ నీలం జతే కావచ్చు.

సీదా రోడ్డు దాటింది. తన చెప్పులు ముట్టలే. రాగితీగ చుట్టిన నీలం హవాయి చెప్పులు తెచ్చి ఆయన ముందట పెట్టింది.

"ఇయ్యి నీయేనా అన్నా?"

అప్పుడే దూరంకెళ్లి లారీ హారన్ ఇనొచ్చింది. ఆత్మారాం చెప్పుల దిక్కు జూసిండు, లారీ దిక్కు జూసిండు.

"నీయైతే తొడుక్కో. సెకనుకు లక్ష పట్టెటోనికి యూరియా ఎందుకు? నీయి కాకపోతే చెప్పు, మోరిల పారేస్త."

"అట్ల కాదు లింగవ్వా... అసలు ఏమైందో తెలుసా..."

ఏమైందని ఎవ్వరూ అడుగలే. లింగవ్వ అప్పటికే ఉరికి నలభై మూడో నంబరు కాడ నిలబడ్డది, ఆమె ఎనకున్నోళ్లు ఖాళీ అయిన జాగలకు ఒక అడుగు ముందటికి జరిగిండ్రు. ఆత్మారాం చెప్పులు తొడుక్కొని, రెండువందల జతలు దాటుకుంట పోయి, లైన్ చివర్ల మళ్ల ఇడిసిండు.