మస్కట్ల పట్టుకున్న చెయ్యి

"తాతా, ఈ కబడ్డి బూట్లు మల్ల నా బ్యాగుల ఎవరు పెట్టిండ్రు? జర్మనీకి నేను చదువుకోనీకి పోతున్న, ఆడనీకి గాదు."

నేనే పెట్టిన బిడ్డా. తియ్యకు. బరువెక్కువైతదా? అయితే మీ నానమ్మ పెట్టిన తొక్కు డబ్బలల్ల ఒకటి తీసెయ్యి. ఆమెకు చెప్పకు మల్ల, నన్ను ఇంట్ల ఉండనియ్యది.

కూసో జర. శేరిగూడ కాలేజీల ఆడినకాడికి చాలు, ఇగ ఆటలేంది అంటున్నవ్ గదా. నేను గూడ గట్లనే అనుకున్న. మస్కట్ పోయినప్పుడు... నీ లెక్క చదువుకు గాదు, సెంట్రింగ్ పనికి. అప్పుడు మీ నాయన చంకల పిల్లగాడు. కాదు కాదు, బడికి పోతుండె. అవ్, బడికి పోతుండె.

గంతకుముందు ఈడ నేను, మా యాదన్న... యాదన్నంటే మా పెద్దన్న, నువ్వు చూడలె. మేమిద్దరం మూలకు నిలవడితె కూతకొచ్చినోడు మల్ల గీత దాటి పోయెటోడు గాదు. చెరువు ఎండిన ఏడు దాంట్లనే ఆడుదుము, మన్ను మెత్తగుంటది, పడ్డా దెబ్బ తాకది. నీకెరుకే గదా, మూలకున్నోళ్లు చెయ్యి చెయ్యి పట్టుకొని నిలవడుతరు. యాదన్న నా చెయ్యి జర నొక్కిండంటే, కాళ్ల మీద దుంకుమన్నట్టు. నోటితోని చెప్పుడే లేదు. పెద్ద అంబర్‌పేట దాక పోయి గెలిచొచ్చినం. గెలిస్తె ఏమిచ్చెటోళ్లు అనుకున్నవ్? మేకపిల్ల. అప్పుడు మేకపిల్ల ఎంత అగ్గువ, ఇప్పుడు కిలో కూర కొనాలంటేనే... సరే, గది ఇడిచిపెట్టు.

నేను మస్కట్ల ఉండంగనే యాదన్న పోయిండు. గుండెనొప్పి. హయత్‌నగర్ దవాఖానకు తీస్కపోయెలోపట్నే పాయె. ఆడ మా కంపెనోళ్లు సెలవియ్యలె. అన్న పాడె పట్టనీకి నేను లేకపోతి. గప్పటి సంది అన్నం సయించలె బిడ్డా. పనికి పోవుడు, వచ్చుడు, గోడ దిక్కు తిరిగి పండుడు. ఎవ్వరితోని మాట్లాడకపోదును. బతుకే ఒద్దన్నట్టుండె, నీకాడ అబద్ధమెందుకు.

మేముండె లేబర్ క్యాంపుల జుమ్మ నాడు సెలవు. జుమ్మ అంటే శుక్రారం. ఒక జుమ్మకు పంజాబోళ్లు, మనోళ్లు కబడ్డి పందెం పెట్టుకున్నరు. నా రూముల జగిత్యాల దిక్కు పోచన్న అని వంటోడుండె. "అన్నా, మాకొక మనిషి తక్కువైండు, నువ్వు ఊకె నిలవడు చాలు" అన్నడు. నాకప్పటికే నలభై దాటినయ్, పొట్ట గూడ ఉండె. నవ్వకు! ఒద్దన్న. ఇంటడా, గుంజుకపోయిండు.

పోయి మూలకు నిలవడ్డ. పోచన్న పక్కకొచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. ఏం చెప్పాలె బిడ్డా... పొద్దంత నా చేతులల్ల చెక్కలు, మొలలు, ఇనుము. మనిషి చెయ్యి పట్టుకొని ఎన్నొద్దులైందో. మా అన్న చెయ్యి లెక్కనే గరుకుగుండె. కండ్లల్లకు నీళ్లొచ్చినయ్. గంతల్నే పంజాబాయన కూతకొచ్చిండు, గింత ఎత్తు మనిషి. పోచన్నకు మా అన్నదమ్ముల గుర్తు ఏమెరుక? ఆయన భయంతోని నా చెయ్యి గట్టిగ నొక్కిండు.

నేను దుంకిన! కాళ్లు దొరకవట్టిన, ఇడువలె. అందరు మీద పడ్డరు, మోకాలు కొట్టుకపోయింది, ఇగో మచ్చ. అందరికన్న ఎక్కువ పోచన్న పరేషాన్ అయిండు. నేనైతే దుమ్ముల పడి నవ్వుతున్న.

ఇగ జోషొచ్చి కూతకు గూడ పోయిన. నోట్లకెళ్లి కబడ్డి అని రాలె, చిన్నప్పుడు అన్న నేర్పిన చెడుగుడు చెడుగుడు అనే వచ్చింది. గట్లంటె చెల్లదని ఔటిచ్చిండ్రు. గా పాయింటుతోనే ఓడిపోయినం. మనోళ్లు తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టిండ్రు. నాకు మాత్రం ఆ రోజు మస్తు ఆకలైంది. పోచన్న ఒండిన బగార అన్నం అడిగడిగి పెట్టించుకున్న.

మీ నానమ్మకు ఫోన్ చేసిన. "గెలిచినవా?" అన్నది. ఓడిపోయిన అన్న. "మరి గట్ల నవ్వుతున్నవేంది?" అన్నది. గట్లనుకుంటనే ఫోన్ల ఏడ్సింది. నా నవ్వు ఇని ఎన్నొద్దులాయె మరి. గప్పటి సంది జుమ్మ వచ్చిందంటె అందరికన్న ముంగట పోయి గీతలు గీసెటోన్ని నేనే.

జర్మనీల నీకేం తక్కువుంటది, అన్నీ ఉంటయ్. కాని ఒక దినం నీకు గూడ గోడ దిక్కు తిరిగి పండబుద్ధైతది. గప్పుడు లేచి గీ బూట్లేసుకో. కబడ్డి లేకుంటె అక్కడోళ్లు ఏది ఆడితె గదే ఆడు. ఓడిపో, ఏం గాదు. నీ కూత తెగకుంట సల్లగుండు బిడ్డా.

ఏదీ, నీ చెయ్యి ఇట్లియ్యి. లేవనీకి గాదు... ఊకెనే. అవ్, గట్లనే. జర నొక్కు...